వదిన నన్ను గుడ్డ పట్టుకోమన్న రోజు

పదిమంది ముందు ఒక మనిషిని దోషిగా నిలబెట్టి, ఆ తర్వాత దోషం మీదేనని తెలిస్తే, ఎన్ని రోజుల్లో వెళ్ళి అదే పదిమంది ముందు ఒప్పుకున్నారు? మిమ్మల్నే అడుగుతున్నాను. జవాబు నాకు చెప్పనక్కర్లేదు. నా జవాబు నేను చెబుతాను. నేను ఒప్పుకోలేదు. మూడు ఆదివారాలు దాటించాను. నాలుగో ఆదివారం రాకముందే, మంగళవారం పొద్దున్న, మా వదిన చనిపోయింది.

నేను రైసు మిల్లులో కాటా దగ్గర పనిచేస్తాను. ధాన్యం లారీ కాటా ఎక్కి ఉంది. మా అన్న ఫోను చేశాడు. సొంతంగా ఎవరికీ ఫోను చేసే మనిషి కాదు, ఏది చెప్పాలన్నా వదినే చేసేది. "ఒరే, ఎంత లేపినా మీ వదిన నెగట్లేదురా" అన్నాడు. ఇంకో మాట లేదు. లారీని కాటా మీదే వదిలేసి వెళ్ళాను. వదిన పెరటి గుమ్మంలో పక్కకి ఒరిగి ఉంది. గుండె ఆగిపోయిందని వచ్చిన డాక్టరు చెప్పాడు. నిద్రలోనే ఉన్నట్టు ఉంది, పిలిస్తే పలుకుతుందన్నట్టు. నేను పిలిచాను కూడా. వేలమందికి వినబడేలా కేకేసే గొంతు నాది, ఆ రోజు పక్కనున్న మా అన్నకి కూడా వినబడలేదు.

మాది చీపురుపల్లికి దగ్గర్లోని పల్లె. నేను ఏడో తరగతి దాకా చదివాను. మిగతా చదువంతా పరిశుద్ధ గ్రంథం నేర్పిందే. చేతిసంచిలో అది లేకుండా మిల్లుకి కూడా వెళ్ళను. ఆదివారం మా ప్రార్థన జరిగే రేకుల షెడ్డులో వాక్యం చెబుతాను. జీతం లేదు, బిరుదు లేదు, పట్టా లేదు. గట్టిగా చెబుతానని మాత్రం పేరుంది. మొదట్లో వదిన ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చునేది, ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నన్నాపేది. "మరిదీ, దేవుడికి సెవుడు నేదు గదేటి, కాస్త మెల్లగా సెప్పు" అనేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. తర్వాతి ఆదివారం కొంచెం మెల్లగానే మొదలుపెట్టేవాణ్ణి, పావుగంట తర్వాత మళ్ళీ మామూలే.

వదిన చేసే పని వింటే చాలామంది ఇదీ ఒక పనేనా అంటారు. సరుకులకి ఫొటోలు తీసేది. ఊళ్ళో ఆడవాళ్ళ సంఘం చోడిపిండితో, అంటే రాగిపిండితో, జంతికలు చేసి, ఫోనులో ఫొటోలు పంపి, ఊరూరా అమ్మాలని చూశారు. మంచం మీద పువ్వుల దుప్పటి పరిచి, దాని మీద జంతికలు పోసి తీశారు. ఒక్కరూ అడగలేదు. వదిన ఆ ఫొటోని చాలాసేపు చూసి, "దుప్పటి అమ్ముతన్నారేటే మీరు?" అంది. మర్నాడు పెరట్లో వాడకుండా పడున్న పాత రోలుని బోర్లించి, నీళ్ళతో తడిపి, నల్లబడ్డ ఆ రాతి మీద నాలుగే నాలుగు జంతికలు పెట్టి తీసింది. ఎర్రమట్టి రంగు జంతికలు ఆ తడి రాయి మీద కరకరమని వినబడ్డట్టే ఉండేవి. అక్కణ్ణుంచి అడగడం మొదలైంది. తర్వాత పచ్చళ్ళవాళ్ళు, తాటిబెల్లం వాళ్ళు, జీడిపప్పు వాళ్ళు, ఇత్తడి పనివాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చారు.

సరుకు వెనక ఏది ఉన్నా ఆమె దాన్ని ఒకే పేరుతో పిలిచేది: ఎనక గుడ్డ. అది రాయి కావచ్చు, చెక్క కావచ్చు, తాటాకు చాప కావచ్చు, అన్నీ గుడ్డలే. "ఈ తలుపు మంచి గుడ్డ" అనేది. బయటివాళ్ళకి అర్థమయ్యేది కాదు. ఎక్కడైనా పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిస్తే చాలు, మా అన్న బండి వెనకెక్కి వెళ్ళి తలుపు చెక్క ఒకటి అడిగి తెచ్చేది. పొయ్యిలోకేమో అనుకుని జాలిపడి రెండిచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఎండుచేపల ఫొటో కోసం సముద్రపు ఒడ్డు పల్లె నుంచి పాత వల ఒకటి తెచ్చింది. ఆ వాసన నెల రోజులు ఇంట్లోంచి పోలేదు. మా అన్న వాకిట్లోనే అన్నం తినేవాడు. ఇత్తడి చెంబులు తీసే రోజున మాత్రం ముదురు రంగు చీర, అంచు లేనిది కట్టుకునేది. ఎందుకని అడిగాను. చెంబు కడుపులో ఫొటో తీసే మనిషే కనబడుతుందట. "నాను కనబడితే సెంబెవుడు సూస్తాడు?" అంది.

పెళ్ళి సారె మిఠాయిలకి నల్ల గొంగళి పరిస్తే ఒకావిడ గొడవపడింది. శుభకార్యానికి నలుపేమిటని. వదిన వాదించలేదు. గొంగళి తీసేసి, పసుపు ముంచి ఆరేసిన పాత పంచె తెచ్చి పరిచింది. పసుపు మీద లడ్డూలు కనబడకుండా పోయాయి. ఆ ఫొటో ఆవిడకే చూపించి ఊరుకుంది. ఆవిడ కాసేపు చూసి, తనే గొంగళి తెచ్చి పరిచింది. వదిన బోధించే పద్ధతి అలాంటిది. నేను గంటన్నర కేకలేసి చెప్పేదాన్ని ఆమె ఒక గుడ్డ మార్చి చెప్పేది.

ఒకసారి నేను ఎడారిలో గొర్రెలు కాసేవాడికి కనబడిన, మండుతున్నా కాలిపోని పొద గురించి వాక్యం చెప్పాను. మంట గురించి చెప్పాను, పిలుపు గురించి చెప్పాను, చెప్పులు విప్పడం గురించి చెప్పాను. అంతా అయ్యాక వదిన అడిగింది: "ఆ పొద పచ్చటి తోటలో ఉంటే ఆ గొర్లు కాసుకునే ఆయన తల తిప్పి సూసునా?" ఇరవై ఏళ్ళుగా చదువుతున్న పేజీ అది. పొదనే చూశాను, మంటనే చూశాను, వెనక ఉన్న ఇసకని ఎన్నడూ చూడలేదు. "ఎనకున్నాది ఇనాల గాని మాటాడకూడదు" అనేది ఆమె, గుడ్డల గురించి. నాకిప్పుడు అది ఆమె గురించే అనిపిస్తోంది.

ప్రియులారా, ఇక నా తప్పు దగ్గరికి వస్తున్నాను. ఇక్కడ గొంతు పెంచను.

మా షెడ్డులో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీద పరిచే తెల్ల గుడ్డ ఒకటి ఉంది. పొందూరు ఖద్దరు, అతుకు లేకుండా బల్ల పొడుగునా వస్తుంది. నెలకోసారి దాన్ని ఇంటికి తీసుకెళ్ళి ఉతికి, నీలిమందు పెట్టి, ఇస్త్రీ చేసి తెచ్చేది వదినే. దాని ఒక మూల ద్రాక్షరసం మరక ఉంది, చెయ్యి వణికే ముసలాయన ఒకరు గిన్నె ఒలికించినప్పటిది. ఎంత ఉతికినా పోలేదు. ఆ మూల గోడవైపుకి వచ్చేలా పరిచేది.

రెండేళ్ళ కిందట బొబ్బిలి నుంచి ఒక వీణలు చేసే ఆయన బస్సులో వచ్చాడు. ఒడిలో బొంతలో చుట్టిన వీణ, ఒకే పనస మానులోంచి తొలిచింది. ఎనిమిది నెలలుగా ఇంట్లోనే ఉండిపోయిందట. దూరపు ఊరి నుంచి ఎవరో ఫొటో అడిగారు. ఆయన కొట్టులో పువ్వుల తెర ముందు పెట్టి తీసి పంపితే మళ్ళీ ఫోను రాలేదు. ఇదీ అమ్ముడుపోకపోతే ఉలి పక్కన పెట్టేసి కూలికి పోతానని వదినతో అన్నాడట. వదిన తన గుడ్డలన్నీ దింపింది. తలుపు చెక్క మీద పెడితే కర్రలో కర్ర కలిసిపోయింది. గొంగళి మీద దండి చివర చెక్కిన, సింహంలాంటి యాళి ముఖం చీకట్లోకి పోయింది. తాటాకు చాప గీతలు తీగలతో పోట్లాడాయి. తడి రాయి మీద పెడదామంటే వీణ తడవకూడదు. మెరుపు లేని తెలుపు కావాలి, అతుకు ఉండకూడదు, వీణంత పొడుగుండాలి. ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది. ఉతికి, ఇస్త్రీ చేసి, ఆదివారానికి మడతపెట్టి ఉంది.

ఆ ఫొటో నేను ఇంకొకరి ఫోనులో చూశాను. నిజం చెబుతున్నాను, అంత అందమైన ఫొటో నేను చూడలేదు. మంచు మీద పండిన పనస తొన రంగు. మెట్లు లెక్కపెట్టవచ్చు. తీగల నీడలు కూడా పడ్డాయి. కిందకి చూస్తే మూలన మరక. దాచడం ఆమెకి చేతకాక కాదు. ఊడిన దారప్పోగు ఒకటి కనబడినా మళ్ళీ తీసే మనిషి. దాచాల్సిన పని చేశానని ఆమె అనుకోలేదు.

ఆ ఆదివారం నేను విందులో మందిరపు పాత్రల్లో ద్రాక్షరసం తాగిన రాజు గురించి చెప్పాను. ఆ రాజుకి పడే శిక్షని గోడ మీద రాసిన చెయ్యి గురించి చెప్పాను. పరిశుద్ధమైనదాన్ని సంతకి పరిచినవారు మన మధ్యే ఉన్నారని కేకవేశాను. పేరు పెట్టలేదు, కానీ గుడ్డ వైపు చెయ్యి చాపాను, తర్వాత ముందు వరస వైపు చాపాను. అందరి తలలూ తిరిగాయి. మా వదిన తల వంచలేదు. ఏడవలేదు. నన్ను చూస్తూనే ఉంది, ఏదో ఫొటోలో వెలుతురు సరిపోనట్టు, కళ్ళు కొంచెం చిట్లించి.

తర్వాత నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికి వెళితే అన్నం పెట్టేది, మిల్లు సంగతులు అడిగేది. గుడ్డ ఉతికే పని వేరేవాళ్ళకి పోయింది. షెడ్డులో ముందు వరస వదిలి, గుమ్మం పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. మా అన్నయితే ఆ రోజు నుంచి లోపలికే రాలేదు. ఆమెని బండి మీద దింపి, ఆరాధన అయ్యేదాకా బయట రోడ్డు పక్కన బండి మీదే కూర్చునేవాడు. అన్నిటికంటే నన్ను ఇప్పుడు కోస్తున్నది వేరే ఉంది. గుమ్మం దగ్గర నన్నాపడం మానేసింది. రెండేళ్ళు నన్ను మెల్లగా మాట్లాడమన్న మనిషి లేదు. రెండేళ్ళూ కేకలు వేస్తూనే ఉన్నాను, అందరూ బాగుందనే అన్నారు.

ఈ చలికాలంలో ఒకరోజు ఆదివారానికి వాక్యం సిద్ధం చేసుకుంటూ ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఇంకా రాజు కానివాడు ఒకడు ఆకలితో మందిరానికి వస్తాడు. అక్కడ యాజకులు తప్ప ఎవరూ తినకూడని రొట్టె తప్ప ఇంకేమీ లేదు. యాజకుడు ఆ రొట్టె తీసి ఇస్తాడు. ఇచ్చినవాడిని ఎవరూ శపించలేదు. తర్వాత మన ప్రభువే ఆ సంగతి ఎత్తి, ఆ యాజకుడి వైపే మాట్లాడాడు. ఈ పేజీ మీద నేను ఎన్నోసార్లు చెప్పాను. ఒక మనిషి చేతిలోంచి ఉలి జారిపోబోతుంటే ఇంట్లో ఉన్న ఒకే ఒక్క తెల్ల గుడ్డ తీసి పరిచింది మా వదిన. నేను గోడ మీద చేతిని చూపించాను, రొట్టె ఇచ్చిన చేతిని చూడలేదు. గ్రంథం మూసేశాను.

అప్పుడే లేచి వెళ్ళి ఉండాల్సింది. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య రోడ్డు ఒక్కటే. కానీ నేను ఒక పెద్ద ఆలోచన చేశాను. అందరి ముందు అవమానించాను కాబట్టి అందరి ముందే ఒప్పుకోవాలి, అదే న్యాయం అనుకున్నాను. మొదటి ఆదివారం వేరే ఊరి బోధకుడు వచ్చాడు, వాక్యం ఆయనదే. రెండో ఆదివారం వాన, పదిమంది కూడా రాలేదు, అంతమందిలో చెబితే చాలదనుకున్నాను. మూడో ఆదివారం ఆమె సారవకోట వైపు ఎక్కడో ఇత్తడి సామాను ఫొటోలకి వెళ్ళింది. న్యాయం అనుకున్నది న్యాయం కాదు ప్రియులారా, గర్వమే, తెల్లబట్టలు కట్టుకుని వచ్చింది. క్షమాపణకి కూడా నాకు జనం కావలసి వచ్చింది.

ఆ మధ్యలో, రెండో ఆదివారం తర్వాత గురువారం, సాయంత్రం నాలుగ్గంటలకి మిల్లు నుంచి వస్తూ వాళ్ళ వాకిట్లోకి వెళ్ళాను. వదిన ఉసిరి ఆవకాయ జాడీకి ఫొటో తీస్తోంది. వెనక గుడ్డగా మా అన్న నీలం లుంగీ, వెలిసి వెలిసి మబ్బు రంగుకొచ్చింది. గోడ మేకుకి తగిలిస్తే గాలికి ఊగుతోంది. నన్ను చూసి, "దేవుడే పంపినాడు. ఒలే, ఆ రెండు కొసలూ పట్టుకో మరిదీ" అంది. 'ఒలే' అనడం ఆడవాళ్ళని. నవ్వించడానికి అంది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి నాతో వేళాకోళం ఆడింది.

నేను లుంగీని మేకు మీంచి తీసి, దాని వెనక నిలబడి, చేతులు పైకెత్తి, రెండు కొసలూ పట్టుకున్నాను. నాకు ఆమె కనబడదు, ఆమెకి నేను కనబడను. లుంగీలోంచి వెలుతురు నీలంగా పడుతోంది. అవతల ఆమె జాడీ జరుపుతున్న చప్పుడు, నూనె తుడుస్తున్న చప్పుడు, గాజుల చప్పుడు. నోట్లోకి మాట వచ్చింది. వదినా, ఆ గుడ్డ విషయం నాదే తప్పు. ఇన్ని మాటలే. ముఖం చూపించాల్సిన పని కూడా లేదు. అంతకంటే సులువైన చోటు ఏ మనిషికీ దొరకదు.

"కదలకు. నీ ఊపిరికి గుడ్డ ఊగతన్నాది" అంది.

ఊపిరి బిగబట్టాను. మాట కూడా బిగబట్టాను. ఆదివారం చెబుదామని.

"అయిపోయినాది, దించీ" అంది కాసేపటికి. ఫోను నా కళ్ళ ముందు పెట్టింది. జాడీ, పైన ఒక ఉసిరికాయ, వెనక మబ్బు. "సూడు, నువ్వెక్కడా కనబడనేదు. బాగా పట్టినావు." అది నాకు ఆమె ఇచ్చిన చివరి మెప్పు. నా జీవితంలో నా గొంతుకి ఎన్నో మెప్పులు వచ్చాయి. నేను కనబడనందుకు వచ్చిన మెప్పు ఇదొక్కటే.

సమాధి దగ్గర అందరూ మట్టి వేసి వెళ్ళాక వీణలు చేసే ఆయన మిగిలాడు. బొబ్బిలి నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చాడట. నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. తను ఇంకా వీణలే చేస్తున్నానని చెప్పాడు. నాకు దండం పెట్టాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాడట, కుదరలేదట. నాకెందుకని అడిగాను.

"ఆ గుడ్డ మీరే గదా ఇచ్చినారు. ఇది మీ గుడి గుడ్డ గదమ్మా, మీవోళ్ళు ఏటన్నా అంటారేమో అని ఆ రోజు ఆయమ్మతో అన్నాను. మా మరిదిని అడిగితే ఇస్తాడు, ఇయ్యకుండా ఉంటాడేటి అన్నాది ఆయమ్మ."

ఆయన చేతులు వదిలించుకోలేకపోయాను. అడిగితే ఇస్తాడు. నా గురించి ఆ మాట నమ్మి ఆమె ఆ గుడ్డ పరిచింది. ఆ ఆదివారం కళ్ళు చిట్లించి నన్ను చూసింది ఎందుకో అప్పుడు తెలిసింది. తను నమ్మిన మరిది ఆ కేకల్లో ఎక్కడున్నాడా అని వెతుకుతోంది.

మొన్న ఆదివారం షెడ్డులో నిలబడి అంతా చెప్పాను. పేరు పెట్టి చెప్పాను, చెయ్యి నా గుండె వైపు తిప్పి చెప్పాను. జనం ఏడ్చారు. బయటికి వస్తుంటే నలుగురు నా చెయ్యి పట్టుకుని, ఇవాళ వాక్యం చాలా బాగుందన్నారు. నా ఒప్పుకోలు కూడా వాక్యం అయిపోయింది. ఎవరు వినాలో ఆమె మట్టిలో ఉంది. వినాల్సిన రెండోవాడు షెడ్డులో లేడు. ఇప్పుడు దింపడానికి మనిషి లేదు కాబట్టి మా అన్న షెడ్డు బయటి రోడ్డు దాకా కూడా రాలేదు.

ఇది రాస్తున్నది పొద్దున్న. మిల్లు సైరన్ ఇంకా మోగలేదు. రోడ్డుకి అవతల మా అన్న ఆవుకి గడ్డి వేస్తున్నాడు. గడ్డి దులిపిన చప్పుడు, ఆవుతో ఏదో అంటున్న చప్పుడు వినబడుతోంది. ఇన్నాళ్ళూ ఇంట్లో ఆ మాటలు వదినతో అనేవాడు. నా దగ్గర జనం లేరు, మైకు లేదు, ఆదివారం కూడా కాదు, బుధవారం. ఇంకో రెండు వాక్యాలు రాస్తే ఇది బాగా ముగుస్తుందని తెలుసు. రాయను. లేచి రోడ్డు దాటుతున్నాను.

మీరు కూడా లేవండి. ఎవరి ఇంటికి వెళ్ళాలో మీకు తెలుసు. మంచి రోజు చూడకండి, మంచి మాటలు కూర్చుకోకండి. కాగితం అక్కడ పెట్టేసి ఇప్పుడే వెళ్ళండి, ఆ మనిషి ఇంట్లో మసులుతున్న చప్పుడు ఇంకా వినబడుతుండగానే వెళ్ళండి.